క్యారవాన్‌లో కరెంటు ఆగిపోతే: కోరాపుట్, రాయగడ, గంజాం దారుల్లో తిరిగేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గునుపూర్, రాయగడ, జయపురం వైపు ఉన్న మన తెలుగువాళ్లలో ట్రావెలర్‌నో, పాత మినీబస్సునో క్యారవాన్‌గా మార్చుకున్నవాళ్లు ఈమధ్య అక్కడక్కడా కనిపిస్తున్నారు. సాలూరు ఘాట్ ఎక్కి దేవమాలికి వచ్చే విజయనగరం, విశాఖ బళ్లు సరేసరి. ఇంజిన్ గురించి, టైర్ల గురించి అడిగేవాళ్లు తక్కువ. అడిగేదంతా కరెంటు గురించే. 120 మెగావాట్ల మాచ్‌ఖండ్ పవర్‌హౌస్ ఉన్న జిల్లాలో బండి ఆపుకుని, ఫ్యాను తిరగక రాత్రంతా దోమలతో కుస్తీ పట్టాల్సి వస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ఏది ఆగినా ముందు బ్యాటరీని తిట్టడం మనవాళ్ల అలవాటు. కొత్తది కొంటారు, నాలుగు రోజులు బాగానే ఉంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఐదారు వందల రూపాయలకు దొరికే డిజిటల్ మల్టీమీటరు బండిలో ఉంటే ఈ ఖర్చులో చాలా భాగం మిగులుతుంది. కింది జవాబులన్నీ మీ దగ్గర అది ఉందనుకుని రాసినవే.

బండిలో ఏ కరెంటు ఎక్కడినుంచి వస్తుంది?

ముందు ఇది మనసులో స్పష్టంగా ఉండాలి. సెల్ఫ్ కొట్టడానికి, హెడ్‌లైట్లకు, హారన్‌కు బండి బ్యాటరీ ఒకటి ఉంటుంది. లోపలి లైట్లు, నీళ్ల పంపు, 12 వోల్టుల ఫ్రిజ్, ఫోన్ చార్జింగ్ పాయింట్లు నడిచేది వేరే బ్యాటరీ మీద. దాన్ని హౌస్ బ్యాటరీ అందాం. ఈ రెండోదాన్ని నింపడానికి మూడు దారులు: ఇంజిన్ నడుస్తుంటే ఆల్టర్నేటర్, పైకప్పు మీద సోలార్, బండి ఆపినచోట బయటి 230 వోల్టుల ప్లగ్గు నుంచి చార్జర్. హౌస్ బ్యాటరీ నుంచి 230 వోల్టులు తయారు చేసేది ఇన్వర్టర్.

కాబట్టి ఏదైనా ఆగినప్పుడు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఆగింది 12 వోల్టుల వైపా, 230 వైపా? 12 వైపు పొరపాటున ముట్టుకుంటే షాక్ కొట్టదు, కానీ షార్ట్ అయితే స్పానర్ కూడా ఎర్రగా కాలి మంట పుడుతుంది. 230 వైపు ప్రాణమే పోతుంది. 12 వైపు మీరు స్వయంగా చాలా దూరం వెళ్లొచ్చు. 230 వైపు ప్లగ్గు పీకడం, స్విచ్చు ఆపడం, సాకెట్‌లో మీటరు పెట్టి చూడడం వరకే. బోర్డు విప్పే పని తెలిసినవాళ్లకే వదిలేయండి.

12 వోల్టులవన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఏం చేయాలి?

అన్నీ ఒకేసారి పోయాయంటే తప్పు అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న చోట ఉంటుంది. బ్యాటరీ కటాఫ్ స్విచ్చు ఎవరైనా తిప్పారా చూడండి. పిల్లలున్న బండిలో ఇది మామూలే. తర్వాత బ్యాటరీ పక్కనున్న మెయిన్ ఫ్యూజు. ఆ తర్వాత నెగెటివ్ వైరు ఛాసిస్‌కు బిగించిన బోల్టు. దీన్ని ఎవరూ చూడరు. రంగు వేసిన ఇనుము మీద బోల్టు బిగిస్తే కొన్నాళ్లకు తుప్పు పట్టి కాంటాక్టు పోతుంది. అక్కడ రంగు గీకి, మెరిసే ఇనుము కనిపించాక బిగించాలి.

లిథియం బ్యాటరీ అయితే ఇంకో సంగతి ఉంది. మరీ ఖాళీ అయినా, ఎక్కువ ఆంపియర్లు లాగినా లోపలున్న బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ బోర్డు) తనంతట తానే సప్లై ఆపేస్తుంది. అప్పుడు టెర్మినల్స్ దగ్గర మీటరు సున్నాకు దగ్గరగా చూపిస్తుంది. బ్యాటరీ చచ్చిందని భయపడి షాపుకు పరిగెత్తకండి. లోడంతా తీసేసి, లిథియం చార్జర్ పెడితే చాలావరకు అది మళ్లీ లేస్తుంది.

మీటరు ఎంత చూపిస్తే బ్యాటరీ బాగున్నట్టు?

లోడు, చార్జింగు రెండూ ఆపి, కొన్ని గంటలు వదిలేశాక చూడాలి. లెడ్ యాసిడ్ అయితే 12.7 వోల్టులంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతు. సగం కన్నా కిందికి తరచూ దింపితే దాని ఆయుష్షు తగ్గుతుంది. ఇంజిన్ ఆపిన వెంటనే కొలిస్తే 13కి దగ్గరగా కనిపించి మోసం చేస్తుంది.

లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ నిండినప్పుడు 13.3, 13.4 దగ్గర ఉంటుంది. ఆపైన చాలాసేపు 13.2, 13.1 మధ్యే కూర్చుంటుంది. వోల్టులు చూసి ఎంత మిగిలిందో చెప్పడం దీనితో కుదరదు. వచ్చీపోయే కరెంటును కొలిచే షంట్ ఉన్న బ్యాటరీ మానిటర్ పెట్టించుకుంటేనే లెక్క తెలుస్తుంది.

బ్యాటరీ దగ్గర 12.6 ఉంది, అయినా ఫ్రిజ్ ఆగిపోతోంది. ఫ్రిజ్ పాడైందా?

ఫ్రిజ్‌ను ఇంకా అనుమానించకండి. నూటికి నూరుపాళ్లు బాగున్న ఫ్రిజ్‌లను విప్పి, గ్యాసు నింపి, బోర్డు మార్చి డబ్బు తీసుకున్న కథలు ఈ దారుల్లో వినిపిస్తూనే ఉంటాయి. తప్పు ఎక్కువగా వైర్లలో ఉంటుంది.

లెక్క చూడండి. బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కు 6 మీటర్ల దూరం ఉందనుకుందాం. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి మొత్తం వైరు 12 మీటర్లు. ఇళ్లలో లైట్లకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు కిలోమీటరుకు సుమారు 12 ఓమ్‌ల నిరోధకత ఉంటుంది. అంటే 12 మీటర్లకు 0.145 ఓమ్. ఫ్రిజ్ 5 ఆంపియర్లు లాగితే దారిలోనే 0.7 వోల్టులు పోతాయి. కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో అంతకంటే ఎక్కువ. రాత్రి బ్యాటరీ 12.1కి దిగిందంటే ఫ్రిజ్ దగ్గరికి చేరేది 11.4. ఫ్రిజ్‌లో ఉండే లో-వోల్టేజ్ కటాఫ్ దాన్ని చూసి మూసేస్తుంది. అదే దూరానికి 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పోయేది 0.2 వోల్టుల లోపే.

ఇంటి వైరింగ్ చేసే మేస్త్రీ చేత క్యారవాన్ వైరింగ్ చేయిస్తే వచ్చే చిక్కు ఇదే. 230 వోల్టులలో ఒక వోల్టు పోతే ఎవరికీ తెలియదు. 12లో ఒకటి పోతే సామాను ఆగిపోతుంది. ఆయన పనితనంలో లోపం లేదు. ఆయన అలవాటు పడిన లెక్క వేరు.

మీరే పరీక్షించవచ్చు. ఫ్రిజ్ నడుస్తుండగా మీటరు ఒక పిన్ను బ్యాటరీ ప్లస్ మీద, రెండోది ఫ్రిజ్ ప్లస్ టెర్మినల్ మీద పెట్టండి. వైరు పొట్టిదైతే ఇంకో వైరు ముక్క జోడించుకోండి. కనిపించే అంకె ఆ దారిలో పోతున్న వోల్టేజీ. మైనస్ వైపు కూడా అలాగే చూడండి. ఏ వైపైనా 0.3 దాటితే ఆ దారిలోని ఫ్యూజు హోల్డర్, స్విచ్చు, ప్రతి జాయింటు ఒక్కొక్కటిగా ఇలాగే కొలుచుకుంటూ వెళ్లండి. ఎక్కడ అంకె ఒక్కసారిగా పెరిగిందో తప్పు అక్కడే. చేత్తో ముట్టుకుంటే అది వెచ్చగా కూడా ఉంటుంది.

లోడు లేకుండా కొలిస్తే ఇవేవీ బయటపడవు. కరెంటు పారనప్పుడు చెడ్డ జాయింటు కూడా 12.6 అనే చూపిస్తుంది. మెకానిక్ దగ్గర బాగుండి, దారిలో ఆగిపోయే బళ్ల రహస్యం చాలావరకు ఇదే.

సుంకి, పొట్టంగి ఘాట్ దాటాక లైట్లు మినుకుమంటున్నాయి.

అదురుకు ఏదో వదులైంది. బ్యాటరీ టెర్మినల్స్, ఫ్యూజు బాక్సు, ఛాసిస్ ఎర్త్ బోల్టు, ఇన్వర్టర్ వెనక లగ్గులు (వైరు చివర బిగించే లోహపు కొసలు) చూసి బిగించండి. లైటు వేసి, వైరును అక్కడక్కడా మెల్లగా కదపండి. ఎక్కడ కదిపితే లైటు ఆరిపోతుందో అక్కడ విప్పండి. మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్లు ఘాట్ రోడ్డుకు పనికిరావు. క్రింప్ చేసిన లగ్గు, దానిపైన హీట్‌ష్రింక్ గొట్టం, వైరు రేకు అంచును దాటే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ ఉండాలి. పనిముట్టుకు చేయి వేసే ముందు నెగెటివ్ టెర్మినల్ విప్పడం మర్చిపోవద్దు.

విజయనగరం నుంచి కోరాపుట్ దాకా ఇంజిన్ ఆడుతూనే ఉంది. అయినా హౌస్ బ్యాటరీ నిండలేదు.

ఇంజిన్ నడుస్తుండగా హౌస్ బ్యాటరీ దగ్గర కొలవండి. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే చార్జింగ్ చేరుతోంది. 12.5 దగ్గరే ఆగిపోతే రెండు బ్యాటరీలనూ కలిపే ఆటోమేటిక్ స్విచ్చు, అంటే రిలే, కలవట్లేదు, లేదా ఆ దారిలో ఫ్యూజు పోయింది, లేదా వైరు సన్నగా ఉంది. బండి బ్యాటరీ దగ్గరే వోల్టేజీ పెరగకపోతే గొడవ ఆల్టర్నేటర్‌ది, దాని బెల్టుది.

కొత్త బీఎస్-6 బళ్లలో కొన్నింటికి స్మార్ట్ ఆల్టర్నేటర్ ఉంటుంది. బండి బ్యాటరీ నిండిందనుకున్నప్పుడు డీజిల్ ఆదా కోసం అది కావాలనే వోల్టేజీ తగ్గిస్తుంది. మామూలు రిలే 13.3 దగ్గర కలిసి, 12.8 దగ్గర విడిపోయేలా ఉంటుంది కాబట్టి ఇలాంటి బండిలో అది కలుస్తూ విడిపోతూ ఆడుకుంటుంది. మీ బండి ఈ రకమైతే రిలే తీసేసి, బండి వైపు వోల్టేజీ తగ్గినా హౌస్ బ్యాటరీకి కావాల్సినంత ఇచ్చే డీసీ-డీసీ చార్జర్ పెట్టించండి. లిథియం బ్యాటరీ వేసుకున్నవాళ్లకైతే ఏ బండైనా ఇది అవసరమే. ఖాళీ లిథియం ఆగకుండా కరెంటు లాగి, ఘాట్‌లో నెమ్మదిగా ఎక్కే వేళ ఆల్టర్నేటర్‌ను కాల్చేయగలదు.

ఇండక్షన్ పొయ్యి పెట్టగానే ఇన్వర్టర్ కూతపెట్టి ఆగిపోతోంది. 2000 వాట్ల ఇన్వర్టరే కదా?

ఇన్వర్టర్ మీద రాసిన అంకె ఇన్వర్టర్ గురించి చెబుతుంది. దాని వెనక ఉన్న బ్యాటరీ, కేబుల్ సంగతి చెప్పదు. 1800 వాట్ల పొయ్యికి 12 వోల్టుల దగ్గర 150 ఆంపియర్లు కావాలి. ఇన్వర్టర్‌లో పోయే నష్టం కలిపితే 170 దాకా. 100 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీని అంత లాగితే దాని వోల్టేజీ కుప్పకూలుతుంది. 10.5 దగ్గర అలారం, కాస్త కిందికి దిగగానే కటాఫ్. పొయ్యి తీసేయగానే వోల్టేజీ పైకొస్తుంది, మీటరు పెడితే బ్యాటరీ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

కేబుల్ కనీసం 50, వీలైతే 70 చదరపు మిల్లీమీటర్లది, దూరం ఎంత తక్కువైతే అంత మంచిది. బ్యాటరీల వైపు రెండు వందల ఆంపియర్లకు తట్టుకునే లిథియం కావాలి. ఇంత ఖర్చు పెట్టేకంటే అన్నం గ్యాసు మీద వండుకుని, ఇన్వర్టర్‌ను మిక్సీకి, ల్యాప్‌టాప్‌కు వాడుకోవడం మేలు. వంటప్పుడు కిటికీ మాత్రం తెరిచి ఉంచాలి. మళ్లీ బండి కట్టించేవాళ్లు ఎవరైనా అడిగితే, ఇండక్షన్, ఏసీ తప్పనిసరి అనుకునేవాళ్లు 24 వోల్టుల సిస్టమ్ పెట్టించుకోండి అంటాను. కరెంటు సగమవుతుంది, కేబుల్ తలనొప్పి తగ్గుతుంది.

ఫ్యాను గుయ్యిమంటూ, చార్జర్లు వేడెక్కుతుంటే మీది ఇంటి కరెంటులాంటిదే ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ కాదేమో చూసుకోండి.

దేవమాలి మీద సోలార్ పనిచేయట్లేదు. ప్యానెల్ చెడిపోయిందా?

దేవమాలి ఎత్తు 1672 మీటర్లు. తెల్లవారుజామున మంచు, వానాకాలంలో రోజంతా మబ్బు. ఎండ బాగా కాసిన రోజు 100 వాట్ల ప్యానెల్ నుంచి 350 నుంచి 450 వాట్ అవర్లు వస్తాయి. దట్టంగా మబ్బు పట్టిన రోజు అందులో పావు వంతు వస్తే గొప్ప. జూలై, ఆగస్టుల్లో సోలార్ మీదే ఆధారపడి ఈ కొండలెక్కడం తెలివైన పని కాదు.

ఎండ ఉన్నా రాకపోతే చూడాల్సినవి ఇవి. కొమ్మ నీడ, డిష్ నీడ ప్యానెల్ మీద ఒక మూల పడినా ఉత్పత్తి సగానికి పైగా పడిపోవచ్చు. ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్యనుండే చార్జ్ కంట్రోలర్‌కు వచ్చే ప్యానెల్ వైర్లు తీసి కొలిస్తే, 12 వోల్టుల రకం ప్యానెల్ ఎండలో 20 నుంచి 22 వోల్టులు చూపాలి. చూపిస్తే ప్యానెల్ బాగుంది, కంట్రోలర్ వైపు వెళ్లండి. మళ్లీ కలిపేటప్పుడు ముందు బ్యాటరీ వైర్లు, తర్వాతే ప్యానెల్ వైర్లు. విప్పేటప్పుడు ప్యానెలే ముందు. ఈ వరస తప్పి కంట్రోలర్లు కాల్చుకున్నవాళ్లు చాలామంది.

ఢాబాలోనో, హోటల్ ఆవరణలోనో ప్లగ్గు పెట్టేముందు ఏం చూడాలి?

16 ఆంపియర్ల సాకెట్ అడగండి. చిన్న సాకెట్‌కు అడాప్టర్ తగిలించి గీజర్, ఏసీ నడపకండి. తర్వాత మీటరును ఏసీ వోల్టుల మీద 600 లేదా 750 రేంజికి పెట్టి మూడు కొలతలు తీయండి. సాకెట్ ముఖం చూస్తూ నిలబడితే పైన పెద్ద రంధ్రం ఎర్త్, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్ ఉండాలి.

ఫేజు, న్యూట్రల్ మధ్య 207 నుంచి 253 వరకు ఉంటే సరే. ఫేజు, ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. రాకపోతే ఆ సాకెట్‌కు ఎర్త్ లేదు. న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఎడమవైపు రంధ్రానికి, ఎర్త్‌కు మధ్య 230 వస్తే ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యాయి. ఇది చాలాచోట్ల ఉంటుంది. అందుకే బండిలో మెయిన్ స్విచ్చు రెండు తీగలనూ కోసే డబుల్ పోల్ రకమే ఉండాలి.

సాయంత్రం ఊరంతా వాడే వేళ పల్లెల్లో 170, 180కి పడిపోవడం వింత కాదు. ఆ వోల్టేజీ మీద ఏసీ, ఫ్రిజ్ కంప్రెసర్లు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతాయి. ఓవర్ వోల్టేజ్, అండర్ వోల్టేజ్ చూసి కోసేసే ప్రొటెక్టర్ ఒకటి బయటి కరెంటు బండిలోకి వచ్చే ఇన్‌లెట్ దగ్గర పెట్టిస్తే టెన్షన్ ఉండదు. ఇంకా పెద్ద ప్రమాదం దీనికి తిరగబడినది: లైట్లు ఒక్కసారిగా విపరీతంగా వెలిగాయంటే త్రీఫేజ్ లైనులో న్యూట్రల్ తెగి ఉండొచ్చు. అప్పుడు 230 రావాల్సిన చోట 400 దాకా రావచ్చు. ఆలోచించకుండా మెయిన్ ఆపేయండి. ‘లైన్ నాహిఁ’ (కరెంటు లేదు) అని ఢాబా కుర్రాడు చెప్పినప్పుడు కూడా మెయిన్ ఆపి ఉంచండి. కరెంటు తిరిగొచ్చే మొదటి నిమిషంలోనే ఎక్కువ సామాన్లు పోతాయి.

ఎక్స్‌టెన్షన్ వైరును చుట్టగానే ఉంచి ఎక్కువ లోడు వాడితే లోపల వేడెక్కి కరిగిపోతుంది. మొత్తం విప్పి నేల మీద పరవాలి.

తలుపు పట్టుకుంటే షాక్ కొడుతోంది. చిన్నగా జుమ్మంటోంది అంతే. ఫర్వాలేదా?

ఫర్వాలేదనుకోకండి. అందరినీ దూరంగా నిలబెట్టండి. బండిని ముట్టుకోకుండా ఢాబా వైపు స్విచ్చు ఆపించి ప్లగ్గు పీకండి.

బండి రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. లోపల గీజర్‌లోనో, వైరు ఒరిసిన చోటో ఫేజు బాడీకి తగిలితే ఆ కరెంటు భూమిలోకి పోవడానికి దారి ఉండదు. బాడీ అంతా 230 మీద కూర్చుంటుంది. తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి హ్యాండిల్ పట్టుకున్న మనిషి ఆ దారి అవుతాడు. చార్జర్లలోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల వచ్చే జుమ్మనే లీకేజీ చిన్నదే. కానీ అది కనిపించిందంటే ఎర్త్ లేదని ఖాయం. అసలైన లీకేజీ ఏదో, చిన్నది ఏదో చేత్తో ముట్టుకుని తేల్చే విషయం కాదు.

కొందరు బండి పక్కన ఒక ఇనుప కడ్డీ నేలలో పాతి, వైరు కట్టి ఎర్త్ అయిపోయిందంటారు. ఒక్క కడ్డీకి ఎండిన నేలలో 50 ఓమ్‌ల నిరోధకత ఉందనుకుందాం. నేల రాయిమయం అయితే ఇంకా ఎక్కువ. 230ని 50తో భాగిస్తే 4.6 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్చు) ఈ కరెంటుకు కదలదు. బాడీ మీద వోల్టేజీ అలాగే ఉంటుంది. అదే బండిలో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు) ఉంటే ఆ కడ్డీ చాలు, లీకు మొదలైన క్షణంలోనే కోసేస్తుంది. అంటే కడ్డీ ఒక్కటే పెట్టుకుంటే ఉపయోగం లేదు, ఆర్‌సీసీబీతో కలిస్తేనే పనికొస్తుంది. బండిలోని ప్రతి సాకెట్ ఎర్త్‌నూ, ఛాసిస్‌నూ, ఇన్‌లెట్ ఎర్త్ పిన్నునూ ఒకదానితో ఒకటి కలపాలి. నెలకోసారి ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కి చూడండి. పడకపోతే దాన్ని మార్చాల్సిందే.

వాన పడ్డాక ఆర్‌సీసీబీ నిలబడట్లేదు.

దాన్ని తిట్టకండి, తీసి పక్కన పెట్టకండి. బండిలోని ప్లగ్గులన్నీ పీకేయండి. ఎంసీబీలు మాత్రమే ఆపితే చాలదు. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజును మాత్రమే కోస్తుంది, న్యూట్రల్ ఎర్త్‌కు తగిలితే ఆర్‌సీసీబీ పడుతూనే ఉంటుంది. అన్నీ పీకాక నిలబడితే ఒక్కొక్కటి పెడుతూ రండి. ఏది పెట్టగానే పడిందో దొంగ అదే. గీజర్ ఎలిమెంటు మొదటి అనుమానితుడు, బయట గోడకున్న సాకెట్ రెండోది. ఏదీ పెట్టకపోయినా పడుతుంటే తప్పు వైరింగ్‌లో ఉంది. ఎలుకలు కొరికాయేమో చూడమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి.

చిన్న పెట్రోల్ జనరేటర్ మీద నడిపితే?

నడపొచ్చు. చాలా చిన్న జనరేటర్లలో న్యూట్రల్ ఎర్త్‌కు కలిపి ఉండదు, అలాంటప్పుడు ఆర్‌సీసీబీ ఉన్నా అనుకున్నట్టు కాపాడదు. న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపే పని తెలిసినవాళ్ల చేత చేయించాలి. జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా లేవు. కిటికీలకు దూరంగా, గాలి బండి వైపు వీచని దిక్కున పెట్టండి. బండి డిక్కీలో పెట్టి నడపడం ఎప్పటికీ వద్దు.

తుఫానుకు ఇంట్లో కరెంటు పోయింది. బండి నుంచి ఇంటికి ఇవ్వొచ్చా?

2013 ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 తిత్లీ గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. ఈ వైపువాళ్లకు అక్టోబరు వస్తే ఈ ప్రశ్న సహజమే.

రెండు వైపులా మగ పిన్నులున్న వైరు చేయించి, ఇన్వర్టర్ నుంచి ఇంటి సాకెట్‌లోకి ఎక్కించే పద్ధతి ఒకటి కొందరికి తెలుసు. చేయొద్దు. మెయిన్ ఆపడం ఒక్కసారి మర్చిపోతే మీ 230 వోల్టులు వీధి తీగల మీదుగా ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరి, అవతలి వైపు 11,000 వోల్టులై లేస్తాయి. స్తంభం ఎక్కి ఆ తీగ బాగుచేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీస్తాయి. బండి నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇంట్లోకి లాగి, కావాల్సిన సామానును నేరుగా దానికే పెట్టుకోండి.

అంత మాత్రంతోనే ఎంతో గడుస్తుంది. 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో సుమారు 1280 వాట్ అవర్లు ఉంటాయి. తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను, రెండు ఎల్ఈడీ బల్బులు కలిపి 50 వాట్లు అనుకుంటే, నష్టాలు పోను ఇరవై గంటలు నడుస్తాయి. గాలి మొదలవకముందే సోలార్ ప్యానెల్ బోల్టులు బిగించి, బండిని చెట్లకూ, ట్రాన్స్‌ఫార్మర్‌కూ దూరంగా నిలపండి. తెగిపడిన తీగ కనిపిస్తే దగ్గరికి వెళ్లకుండా 1912కు ఫోన్ చేయండి.

గోపాల్‌పూర్ బీచ్ దగ్గర నాలుగు రోజులున్నాం. అప్పటినుంచి ఏదో ఒకటి ఆగుతోంది.

ఉప్పు గాలి. రాగి మీద ఆకుపచ్చ పొర, లెడ్ యాసిడ్ టెర్మినల్స్ మీద తెల్లటి పొడి కనిపిస్తాయి. నెగెటివ్ ముందు విప్పి, గోరువెచ్చటి నీళ్లలో వంట సోడా కలిపి తోమి, ఆరాక బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి. జెల్లీ బిగించాకే రాయాలి. సోడా నీళ్లు బ్యాటరీ సెల్స్ లోపలికి పోకుండా చూసుకోండి. ప్యానెల్ కనెక్టర్లు, బయటి ఇన్‌లెట్ సాకెట్ కూడా విప్పి చూడాలి.

రెండు నెలలు బండి కదపలేదు. బ్యాటరీ పూర్తిగా డౌన్.

ఇన్వర్టర్ స్విచ్చు ఆన్‌లో ఉండిపోయిందా? ఏమీ నడవకపోయినా అది ఒక ఆంపియర్ దాకా తాగుతుంది, రోజుకు 24 ఆంపియర్ అవర్లు. నాలుగు రోజుల్లో బ్యాటరీ ఖాళీ. అది ఆపి ఉన్నా స్టీరియో, గ్యాస్ అలారం లాంటివి 50 మిల్లీఆంపియర్లు లాగితే రోజుకు 1.2 చొప్పున నలభై రోజుల్లో 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ సగమవుతుంది. కటాఫ్ స్విచ్చు అందుకే. లెడ్ యాసిడ్‌ను నిండుగా నింపి, లిథియంను సగానికి కాస్త పైన ఉంచి బండి మూసేయాలి. ఖాళీగా నెలల తరబడి పడి ఉన్న లెడ్ యాసిడ్‌లో ప్లేట్లకు సల్ఫేట్ గట్టిపడుతుంది, దాన్ని తిరిగి బతికించడం కష్టం.

బ్యాటరీ పెట్టె నుంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తోంది.

ఓవర్‌చార్జింగ్. చార్జర్, ఇంజిన్ ఆపండి, తలుపులు తెరవండి, అగ్గిపుల్ల గీయకండి, స్విచ్చులు ఆడించకండి. చల్లారాక ఆల్టర్నేటర్ వోల్టేజీ కొలిపించండి. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది. లిథియం బ్యాటరీ ఉబ్బి ఉంటే మళ్లీ చార్జింగ్ పెట్టొద్దు.

కంధమాల్ కొండల్లోని దరింగ్‌బాడిలో పొద్దున్నే లిథియం చార్జింగ్ తీసుకోలేదు.

సున్నా డిగ్రీల కన్నా కింద లిథియం ఫాస్ఫేట్‌ను చార్జ్ చేస్తే సెల్స్ శాశ్వతంగా దెబ్బతింటాయి, అందుకని బీఎంఎస్ ఆపుతుంది. శీతాకాలంలో అక్కడ గడ్డి మీద మంచు పేరుకునే రోజులుంటాయి. బ్యాటరీ బండి కింద బయట ఉంటేనే ఈ బాధ. ఎండెక్కాక చూడండి, లేదా బ్యాటరీని లోపలికి మార్పించండి.

ఒకే ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతోంది. పెద్దది వేయొచ్చా?

వద్దు. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడడానికి. ఎర్రది 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. ఎర్రది పోయినచోట ఆకుపచ్చది పెడితే తర్వాత కాలేది వైరు, ఆపైన ప్లైవుడ్డు. సిగరెట్ పెట్టె రేకు చుట్టే విద్య తెలిసినవాళ్లు కూడా మన మధ్యే ఉన్నారు, వాళ్లను బండికి దూరంగా ఉంచండి.

జయపురంలోనో, రాయగడలోనో మెకానిక్ దగ్గరికి వెళ్తే ఏం చెప్పాలి?

ఆటో ఎలక్ట్రీషియన్‌కు 12 వైపు బాగా తెలుసు, ఇంటి ఎలక్ట్రీషియన్‌కు 230 వైపు. ఏ పనికి ఎవరో చూసుకుని వెళ్లండి. ఇద్దరి పనీ కలిసే ఇన్వర్టర్ దగ్గర ఇద్దరూ ఉంటే మంచిది. ‘బ్యాటరీ పోయినట్టుంది’ అని మీరే మొదలుపెడితే బ్యాటరీ అమ్మేస్తారు. ఏది, ఎప్పుడు, ఏ లోడు మీద ఆగింది, అప్పుడు బ్యాటరీ దగ్గర ఎంత, సామాను దగ్గర ఎంత అన్న అంకెలు కాగితం మీద రాసి ఇవ్వండి. బండి కట్టించినప్పుడే వైరింగ్ డయాగ్రం గీయించుకుని, ఒక కాపీ ఫ్యూజు బాక్సు తలుపుకు లోపల అతికించండి. లేకపోతే ఇప్పుడైనా గీయించండి. పని అయ్యాక డబ్బు ఇచ్చేముందు, ఆగిపోయిన సామానును అదే లోడు మీద పావుగంట నడిపించి, వాళ్ల ఎదుటే మీటరు పెట్టి చూడండి.